సైకిల్ ఒట్టు

మనుషులు సైకిల్ ఎందుకు తొక్కుతారని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధి చివర ఉండే సామ్యూల్ సారు దగ్గర ఈ ప్రశ్నకు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఆయన బడిలో ఆటల మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్లకు మంచిది, షుగరు దిగుతుంది, పెట్రోలు మిగులుతుంది, గాలి పాడవదు అని మొదలుపెడితే మన చేతిలోని పాలప్యాకెట్ వేడెక్కేదాకా వదలరు. మా ఆయన రాంచందర్ బండి అమ్మేసి సైకిల్ కొన్నప్పుడు ఆ మంచి కారణాలన్నీ తీసుకొచ్చి ఆయనకే అంటగట్టారు.

నేనూ సంబరంగా నమ్మాను. నాది అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం. పొద్దున లేస్తే పదిమందికి ఆరోగ్యం గురించి చెప్పాలి. తల్లుల మీటింగులో లేచి నిలబడి, "మా ఇంటాయనను చూడున్రి, బండి అమ్మి సైకిల్ కొన్నడు. మీరు గూడ మీ మొగోళ్లకు చెప్పున్రి" అన్నాను. వాళ్లలో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకుని నవ్వారు. నా మాట నచ్చి నవ్వారనుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మా ఆయన సిద్దిపేట మార్కెట్ యార్డులో, రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మంచివాడు. ఈ మాట కోపంతో చెప్తున్నా నిజమే చెప్తున్నాను. ఎవరినీ ఒక మాట అనడు, నన్ను కొట్టి ఎరగడు, కూతురంటే ప్రాణం. తాగుతాడు, అంతే. పెళ్లైన కొత్తలో పండగలకు తాగేవాడు. తర్వాత ఆదివారాలకు పాకింది. ఆ తర్వాత సాయంత్రం ఉన్న ప్రతిరోజూ తాగేవాడు, సాయంత్రం లేని రోజు ఎక్కడుంటుంది.

కోహెడలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి జరిగింది. నేనూ మా అత్త కొండవ్వా బస్సులో తిరిగొచ్చాం. మా బిడ్డ రిషిత మాత్రం "నేను బాపుతోని బండి మీదనే వస్త" అని మొండికేసింది. పెళ్లిలో ఆయన తాగాడని నాకు తెలియదు. దారిలో మలుపు దగ్గర బండి జారింది. ఆయనకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. బండి పిల్ల కాలి మీద పడింది. కాలిలో రాడ్డు వేశారు. ఎముక అతికింది కానీ కుంటు పోలేదు. మళ్లీ మామూలుగా నడుస్తుందని డాక్టరు అన్నాడు, ఎప్పుడో చెప్పలేదు.

దవాఖాన వరండాలో మా ఆయన గోడకు తల బాదుకుంటుంటే నేను ఆపలేదు. బాదుకోనీ అనుకున్నాను. మా అత్త వెళ్లి ఆయన తలకూ గోడకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "పిల్లను ఇంటికి తోలుకపోయినంక కొమురెల్లికి పోదాం ఉమా. మల్లన్న కాడ ఒట్టేపిద్దాం" అంది.

ఆ మాటకు నాకు ప్రాణం లేచివచ్చింది. మా వైపు మగవాళ్లు పోలీసు ముందు అబద్ధం ఆడతారు, పెళ్లాం ముందు పూటకో అబద్ధం ఆడతారు. మల్లన్న బండారి చేతిలో పట్టుకుని మాత్రం ఆడరు. బండారి అంటే దేవుడి పసుపు. అది అరచేతిలో పోసుకుని ఇచ్చిన మాట తప్పితే దేవుడు ఊరుకోడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లు. మా ఆయనకైతే ఆ భయం మరీ ఎక్కువ.

కొమురవెల్లిలో ఆ రోజు జాతర రద్దీ లేదు. మల్లన్న కథలు చెప్పే ఒగ్గు పూజారి మా ఆయన దోసిట్లో బండారి పోసి, "ఏమని ఒట్టేస్తవ్ బిడ్డా?" అని అడిగాడు. ఏమనాలో నేను బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. ఇగ జిందగిల సుక్క ముట్ట. అంతే, నాలుగు మాటలు. నేను నోరు తెరిచేలోపు మా అత్త తన కొడుకు పక్కకు జరిగి, "తాగి బండెక్క అని అను బిడ్డా" అంది.

ఆయన తల్లి ముఖం చూస్తూ, "తాగి బండెక్క" అన్నాడు. కళ్లనీళ్లు కారి బండారిలో పడ్డాయి.

నాకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది, నిజమే. కానీ ఆలోచిస్తే తేడా ఏమీ కనపడలేదు. కల్లు కాంపౌండు ఊరవతల పొన్నాల దారిలో ఉంది. బండి లేకుండా అంతదూరం ఎట్లా పోతాడు, తాగినవాడు ఎట్లా తిరిగొస్తాడు? తాగి బండెక్కను అంటే తాగను అనేగా! మా ఇళ్లల్లో మాటలు అట్లాగే ఉంటాయి, సగం చెప్తే సగం అర్థమవుతుంది. పైగా దేవుడి ముందు, పెద్దామె మాట మీద మాట అనడం బాగుండదని ఊరుకున్నాను.

వారం తిరగకముందే ఆయన బండి అమ్మేశాడు. పాత బస్టాండు దగ్గర మజహర్ దుకాణంలో ఒక పాత సైకిల్ కొనుక్కొచ్చాడు. నల్లది, వెనక క్యారియర్ ఉన్నది. ఎవరైనా ఏందన్నా ఇది అంటే, "బండి ఒద్దనుకున్న" అనేవాడు. ఆ మాటలో నాకు పశ్చాత్తాపం వినిపించింది, సామ్యూల్ సారుకు మోకాళ్ల ఆరోగ్యం వినిపించింది.

మరి వాసన రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చింది. సైకిల్ తొక్కిన చెమట అనుకున్నాను. యార్డులో మిరపకాయల ఘాటు అనుకున్నాను. నమ్మాలని ఉన్నప్పుడు మనిషి ముక్కు కూడా మనం చెప్పినట్టే వింటుంది. పైగా ఆయన రాగానే నేరుగా స్నానానికి పోయేవాడు. అన్నం మా అత్త ముందుగదిలోనే పెట్టేది. నేను లేస్తే, "నువ్వు పిల్లకు చదువు చెప్పుకో పో. వాడు తొక్కి తొక్కి అలిసిండు, పండనియ్యి" అనేది. అత్త ఇంత మంచిదైపోయిందేమిటా అని మురిసిపోయాను కూడా.

రిషిత కాలికి సైకిల్ తొక్కితే బలం వస్తుందని డాక్టరు చెప్పాడు. ఒక శనివారం పూట నేనే మజహర్ దుకాణానికి పోయాను. ఆడపిల్లలు తొక్కే ఎర్ర సైకిల్ ఒకటి బయటికి తీసి, సీటు తుడుస్తూ మజహర్ తన వ్యాపారం సంగతులు చెప్పుకొచ్చాడు. మనిషి కలుపుగోలు, నోరు ఊరికే ఉండదు.

"ఇప్పుడు సైకిల్‌కు మల్ల గిరాకి వచ్చింది టీచరక్కా. పొద్దుగాల చెరువుకట్ట మీద తొక్కెటందుకు డాక్టర్లు, ఆఫీసర్లు కొంటున్రు, వాళ్లకు గేర్లదే కావాలె. పొద్దుమీకి గిరాకి వేరే. పోలీసోళ్లు రోడ్ల మీద నిలవడి ఊదిచ్చుడు షురూ జేసినంక, కల్లుకు పోయెటోళ్లంత సైకిలే అడుగుతున్రు. సైకిలోన్ని ఎవడాపుతడు? మీ రాంచందరన్ననే నాకు నలుగురిని తోలుకొచ్చిండు."

అని నవ్వుతూ తలెత్తి నా ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అక్కా... మీకు తెల్వదా?"

"తెల్సు" అన్నాను. ఎర్ర సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారిలో మీటింగుకొచ్చే తల్లి ఒకామె ఎదురై, "టీచరమ్మ గూడ సైకిలా!" అంది. చంపేయాలనిపించింది, ఆమెను కాదు, ఎవరినో ఒకరిని.

ఆ సాయంత్రం గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన సైకిల్ దిగి స్టాండు వేస్తుంటే ఎదురుగా పోయి, "ఊదు" అన్నాను.

నేను తమాషా చేస్తున్నానేమోనని చూశాడు. నా ముఖం చూసి ఊదాడు. దాచలేదు, తల తిప్పుకోలేదు. పుల్లటి కల్లు వాసన నా ముఖానికి కొట్టింది.

"ఒట్టు తప్పినవ్ గదా! పిల్ల కాలు చూసుకుంట గూడ తప్పినవ్ గదా!"

"తప్పలే" అన్నాడు మెల్లగా. "తాగి బండెక్కలే ఉమా. సైకిల్ బండి గాదు గదా."

వెక్కిరిస్తున్నాడేమోనని చెయ్యి లేచింది నాకు. కానీ ఆయన కళ్లల్లో వెక్కిరింత లేదు. "ఆ దినం సంది బండి హ్యాండిల్ ముట్టుకోలే. మొన్న సేటు తన బండి ఇచ్చి బ్యాంకుకు పొమ్మంటే నడిసి పోయిన, పొద్దుగాల తాగి లేకున్నా గూడ. భయమైతది. నా జిందగిల ఒక్క మాట నిలవెట్టుకున్న. గీ ఒక్కటే" అన్నాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆ గర్వాన్ని చూస్తే వచ్చిన ఏడుపు అది.

లోపల మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను వచ్చి ఎదురుగా కూర్చుంటే చాట పక్కన పెట్టింది. తనను అడుగుతానని ఆమెకు తెలుసు.

"కావాలని గట్ల అనిపిచ్చినవా అత్తమ్మా?"

"ఆఁ" అంది. "కావాలనే."

"ఎందుకు?"

"వాని నాయినతోని నేనే ఒట్టేపిచ్చిన. గిట్లనే బండారి వట్టిపిచ్చిన. సుక్క ముట్ట అని అనిపిచ్చిన. ఉగాది దాక గూడ ఆగలేదాయె. ఆ ఎండకాలమే పోయిండు. అందరు తాగి పోయిండన్నరు. నాకు ఎరుకే, తప్పిన ఒట్టే ఆయనను తిన్నది. నేనే సంపుకున్న." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "వీడు గూడ అసొంటోడే. పూరాగ ఇడ్సిపెడ్త అని ఒట్టేస్తడు, నాలుగు దినాలకు తప్పుతడు. తప్పెటోనితోని ఎట్ల ఏపియ్యాలె బిడ్డా? ఆపతి తప్పెటంత ఒట్టే ఏపిచ్చిన. పిల్లను బండి మీద తీస్కపోడు, గది సాలనుకున్న."

మామయ్య లివరు చెడి పోయాడని నాకు తెలుసు. ఆ సంగతే చెప్పాను, గట్టిగానే చెప్పాను. "నీకు సదువొచ్చు. నాకు ఎరుకైంది నాకు ఎరుక" అని మళ్లీ చాట అందుకుంది. ఆ పూట నుంచి నేను ఆమెతో మాట్లాడడం మానేశాను.

తర్వాత కొన్నాళ్లకు మజహరే ఆయన్ని ఆటోలో తీసుకొచ్చాడు. పొన్నాల దారిలో చీకటి పడే వేళ సైకిల్‌తో సహా మురుగు మోరీలో పడ్డాడట. ముంజేయి విరిగింది. దవాఖానలో చేతికి కట్టు కట్టిన డాక్టరు, ఆయన కాళ్ల వాపు చూసి పడుకోబెట్టి పొట్ట నొక్కాడు. పరీక్షలు రాశాడు. కాగితాలు వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "చెయ్యి అతుకుతదమ్మా, అది పెద్ద సంగతి గాదు. లివర్ బాగ ఖరాబైంది. తాగుడు ఇప్పుడు ఆపకపోతే నా చేతుల ఏం లేదు. మెల్లమెల్లగ మాన్పిచ్చే మందులున్నయి, దవాఖానల ఉంచాలె" అన్నాడు.

ఉంచాం. నిద్రలేక, వణుకుతూ, లేని మనుషులతో మాట్లాడుతూ కొన్నాళ్లు గడిపాడు. ఇంటికి పంపాక చేతి కట్టు విప్పేదాకా ఇంట్లోనే కూర్చున్నాడు. ముఖం తేటపడింది. రిషితకు లెక్కలు చెప్పాడు. నేను మళ్లీ నమ్మడం మొదలుపెట్టాను, సిగ్గులేకుండా. ఆ తర్వాత ఒకరోజు యార్డుకు పోయి ఆలస్యంగా వచ్చాడు. అడగక్కర్లేదు. నేరుగా స్నానానికి పోయాడు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే. పెద్దామె ఎగ్గొట్టిన ఒట్టు, పూర్తి ఒట్టు, నేనే వేయించాలి. చచ్చే మనిషికి దేవుడేం చేస్తాడు ఇంతకన్నా! మర్నాడు పొద్దున్నే తయారు కమ్మన్నాను. మా అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నీ కాళ్లు మొక్కుత ఉమా, పూరా ఒట్టు ఏపియ్యకు" అంది. అంత ముసలామె నా కాళ్లు పట్టుకోబోతే నేను ఆమె మీది నుంచి దాటుకుని బయటికొచ్చాను. అంత కోపంలో ఉన్నాను.

కొమురవెల్లిలో ఆ రోజు జనం బాగా ఉన్నారు. డప్పులు, పసుపు, బోనాల ఆవిరి. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆయన దోసిలి పట్టాడు. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సన్నగా ఉంది. రెండు చేతులూ వణుకుతున్నాయి, పూజారి పోస్తున్న బండారి వేళ్ల సందుల్లోంచి కింద రాలుతోంది. రాలకుండా ఆపాలని ఆయన చేతులు ఇంకా గట్టిగా దగ్గరికి అదుముకున్నాడు, ఇంకా రాలింది.

"ఏమనాలెనో నువ్వే చెప్పు ఉమా" అన్నాడు. "నువ్వు ఏమంటే గదే అంట."

అంటాడు. నాకు తెలుసు. నాలుగు మాటలూ అంటాడు, నిజంగానే అనుకుని అంటాడు. వచ్చే వారానికి తప్పుతాడు. తప్పిన రోజు సాయంత్రం ఈ మనిషి ఏమవుతాడు? నాకు దేవుడి భయం అంతగా లేదు. ఆయన భయం మీదే నాకు భయం. ఒట్టు తిన్నది నన్ను అనుకున్నవాడు ఇక చావడానికే తాగుతాడు. జీవితంలో ఒక్క మాట నిలబెట్టుకున్నానని చెప్పుకునే మనిషి దగ్గర ఆ ఒక్కటీ నేను లాక్కుంటే, ఇక మిగిలేదేమిటి?

వెనక నుంచి ఎవరో "జల్ది కానియ్యున్రి" అన్నారు. పూజారి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను.

"తాగి సైకిలెక్క అని అను" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను. నేను తనను బతికించినట్టు చూశాడు. "తాగి సైకిలెక్క" అని గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నాడు. మిగిలిన బండారి నుదుటికి రాసుకున్నాడు. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. సిద్దిపేట వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటికి రాగానే మా అత్త నా ముఖం చూసింది. చెంబుతో నీళ్లిచ్చింది. తీసుకుని తాగాను. మళ్లీ ఆమెతో మాట్లాడుతున్నాను. ఆమెను ఏమైనా అనడానికి ఇప్పుడు నాకు నోరు లేదు.

మరుసటి రోజు నుంచి ఆయన నడక మొదలుపెట్టాడు. నల్ల సైకిల్ గోడకు ఆనుకుని దుమ్ము పట్టింది. యార్డు నుంచి పొన్నాల దారికి నడిచే పోతాడు, నడిచే వస్తాడు. ఒక్కోరోజు వచ్చేసరికి వీధిలో అందరి వంటలూ అయిపోతాయి. సామ్యూల్ సారు నిన్న గేటు దగ్గర ఆగి, "రాంచందర్ నడక పెట్టిండటగా, సైకిల్ కన్న అదే మంచిదమ్మా, గుండెకు" అన్నారు. నేను ఆయన ముఖం మీదే గేటు వేశాను. పాపం ఆయన తప్పేముంది!

ఈ సాయంత్రం మబ్బు పట్టింది. ఆయన ఇంకా రాలేదు. రిషిత తన ఎర్ర సైకిల్ బయటికి తీసింది.

"ఏడికి?"

"బాపుకు ఎదురువోత. ఎనక కూసోవెట్టుకొని తోలుకొస్త" అంది. "వాన కొడ్తె మల్ల పడ్తడమ్మా."

దానికి అన్నీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఆపలేకపోయాను. గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. వీధి దీపాలు వెలిగాయి. వీధి మొదట్లో ఆయన కనిపించాడు, పిల్ల ఎదురుగా పోయి సైకిల్ దిగింది. క్యారియర్ మీద చేత్తో తట్టి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పిల్ల ఆయన చెయ్యి పట్టి లాగింది. "బాపూ, తొక్కేది నేను గదా, నువ్వు గాదు గదా!" అని అరవడం నాకు ఇక్కడిదాకా వినిపించింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించి పిల్లకు దండం పెట్టాడు.

పిల్ల సైకిల్ తిప్పి, హ్యాండిల్ పట్టుకుని ఆయన పక్కన నడవడం మొదలుపెట్టింది. చినుకులు మొదలయ్యాయి. పిల్ల కుంటుతోంది, ఆయన తూలుతున్నాడు. ఇద్దరి మధ్య సైకిల్ ఒక్కటే తిన్నగా వస్తోంది.